పుట్టింటి అడ్రసు

మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు సర్దుకుంటున్న వేళ సంఘం కార్యదర్శి ఇంట్లో ఫోను మోగింది. ఆవిడ తడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని ఎత్తింది. అవతల, సంఘం వాటాలో ఉండే ఆయా గొంతు, గుసగుసగా.

"అమ్మా, మన గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. డాక్టర్నంటున్నాడు. చేతిలో పళ్ళ సంచీ ఉంది. ఏం చెయ్యమంటారు?"

"తలుపు తియ్యకు. గొళ్ళెం పెట్టావా?"

"పెట్టానమ్మా. కింద వాటా తలుపు కొట్టాడంట, మధ్య వాటా వాళ్ళదీ కొట్టాడంట, ఇప్పుడు మన దగ్గర తేలాడు. లోపలున్న అమ్మాయిని పేరు పెట్టి పిలుస్తున్నాడు. కోపంగా కాదమ్మా, చాలా ముద్దుగా పిలుస్తున్నాడు. ఆ పిల్లేమో బాత్రూంలోకి పోయి, పంపు తిప్పుకుని కూర్చుంది. ఎంత పిలిచినా పలకదు."

ఆ ఇంటి అడ్రసు తెలిసినవాళ్ళు ఐదుగురే. ఆ ఐదుగురిలో ఎవరో నోరు జారారు. ఎవరన్నది ఆలోచించడానికి కార్యదర్శికి అట్టే సేపు పట్టలేదు.

ఆ ఇంటి సంగతి ముందు చెప్పాలి.

ఆ ఊళ్ళో పెద్దాసుపత్రి డాక్టర్ల భార్యలకి ఒక సంఘముంది. మొదట్లో దానికి పేరే లేదు. డాక్టర్లు నెలకోసారి ఒకచోట చేరి రోగాల గురించి మాట్లాడుకుంటుంటే, వెంట వచ్చిన భార్యలు పక్క గదిలో టీ తాగుతూ కూర్చునేవాళ్ళు. పెద్ద సర్జనుగారి భార్య అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చింది. ఒకరోజు కప్పు కింద పెట్టి, "ఎంతసేపని ఒకళ్ళ పిల్లల మార్కులు ఇంకొకళ్ళం వింటాం? అవతల గదిలో వాళ్ళు చేసేదేదో మనమూ కొంచెం చేద్దాం" అంది. అంతే. ఆ మాటమీద మొదలైంది. ఆవిడే ఇప్పుడు సంఘానికి అధ్యక్షురాలు. సర్జనుగారు పోయి చాలాకాలమైంది. వయసుతో పనిలేకుండా అందరూ ఆవిణ్ణి పెద్దక్క అంటారు.

గాజుగుడ్డ కట్లు చుట్టడం, పిల్లల వార్డులో కథలు చదవడం, రక్తదానానికి జనాన్ని పోగెయ్యడం, ఇలా నడిచింది కొన్నేళ్ళు. ఆ తర్వాత ఆసుపత్రి గుమ్మం దగ్గర వంతులవారీగా కూర్చుని, వచ్చినవాళ్ళకి ఏ గదికి వెళ్ళాలో చెప్పే పని పెట్టుకున్నారు. అక్కడ కూర్చున్నప్పుడే పెద్దక్క ఒకామెని చూసింది. మొదటిసారి చెయ్యి విరిగి వచ్చి, మెట్లమీంచి జారానంది. కొన్నాళ్ళకి పెదవి చిట్లి వచ్చి, మళ్ళీ మెట్లే అంది. "ఏం మెట్లమ్మా అవి, కూలగొట్టించకూడదూ?" అని పెద్దక్క నవ్వుతూ అంటే ఆమె కూడా నవ్విందట. ఆ తర్వాత ఆమెని మోసుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు. ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటే తెలిసింది, ఆమెది ఒంటి గది ఇల్లు, మెట్లే లేవు.

పెద్దక్క తిండి మానేసి పడుకుంది కొన్నాళ్ళు. లేచాక సంఘం దారి మారిపోయింది. దెబ్బలతో వచ్చిన ఆడవాళ్ళని పక్కకి తీసుకెళ్ళి, "మీ ఇంట్లో మీకు ఎవరివల్లనైనా భయముందా?" అని అడగడం మొదలుపెట్టారు. బళ్ళకి వెళ్ళి పిల్లలచేత కాగితం మీద చెయ్యి పెట్టించి, చుట్టూ గీత గీయించి, ఈ చెయ్యి ఏమేం మంచిపనులు చెయ్యగలదో రాయించేవాళ్ళు. సాయం అడిగేవాళ్ళ కోసం ఫోను పెట్టారు. చివరికి, ఇల్లు వదిలి రావాల్సినవాళ్ళు తలదాచుకోవడానికి మూడంతస్తుల మేడలో ఒక వాటా అద్దెకి తీసుకున్నారు. దాని సంగతి మగవాళ్ళ ముందు మాట్లాడుకోవాల్సి వస్తే ఎలా అని తర్జనభర్జన పడుతుంటే, మత్తు డాక్టరుగారి భార్య ఒక పేరు పెట్టింది. పుట్టిల్లు. "పుట్టింటికి ఒకళ్ళొచ్చారు, పుట్టింటికి దుప్పట్లు పంపాలి అంటే ఏ మొగుడికి అనుమానమొస్తుంది?" అంది. మొగుడు మత్తిచ్చి జనాన్ని పడుకోబెడితే, ఈవిడ మాటలతో ఎవర్నీ పడుకోనివ్వదని అందరూ వేళాకోళం చేస్తారు గానీ, పేరు మాత్రం నిలిచిపోయింది.

పుట్టింట్లోకి మగపురుగు అడుగు పెట్టకూడదన్నది నియమం. మొగుళ్ళకి కూడా ఆ ఇల్లు ఎక్కడుందో చెప్పకూడదు. ఇన్నేళ్ళలో ఒక్కరూ తప్పలేదు.

ఇంతలో పిల్లల డాక్టరమ్మ భర్త వచ్చాడు. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారు. "నేనూ డాక్టరు భార్యలాంటివాణ్ణే కదండీ, నన్నూ చేర్చుకోండి" అని నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. మగపిల్లలకి చెప్పడానికి ఒక మగవాడుంటే మంచిదే అని పెద్దక్క ఒప్పుకుంది. బోర్డు మీద 'భార్యల' అన్న మాట కొట్టేసి 'జీవిత భాగస్వాముల' అని రాయించాల్సి వచ్చింది. చోటు చాలక బోర్డు రాసేవాడు ఆ మాటని చీమల బారులా రాశాడు. మిగతావాళ్ళు ఆయన్ని ఎదురుగా మాస్టారూ అంటారు, వెనకాల ఇల్లరికం అంటారు.

కార్యదర్శికి మొదట్నుంచీ ఆయన రావడం గిట్టలేదు. ఇంత ఉత్సాహంగా ఆడవాళ్ళ మధ్య కూర్చునే మగవాడికి ఏదో ఉద్దేశం ఉంటుందని ఆవిడ నమ్మకం. పుట్టింటికి ఇనప గ్రిల్లు పెట్టించాలన్నప్పుడు, వాటా ఖాళీగా ఉన్న వారంలో దగ్గరుండి ఆ పని చేయించింది మాస్టారే. అలా ఆయనకి అడ్రసు తెలిసింది. అప్పుడే కార్యదర్శి పెద్దక్కతో అంది, "మీరు చూస్తూ ఉండండక్కా, దీనికి ఎప్పుడో ఒకప్పుడు అనుభవిస్తాం."

ఇప్పుడు ఆ మాట నిజమైందని ఆవిడ అనుకుంది.

గుమ్మంలో పళ్ళ సంచీతో నిలబడ్డది ఎముకల డాక్టరు. ఊళ్ళో పేరున్నవాడు, నవ్వితే చూడముచ్చటగా ఉంటాడు. లోపల పంపు తిప్పుకుని కూర్చున్నది ఆయన భార్య. సంఘంలో అందరూ ఆమెని బొమ్మలమ్మాయి అంటారు. బళ్ళలో గోడలకి అంటించే చేతుల బొమ్మలన్నీ గీసింది ఆమే. ఏ మీటింగులోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. చెవి వినబడడం లేదని ఒకరోజు కార్యదర్శి భర్త దగ్గరికి చూపించుకోవడానికి వచ్చింది. ఆయన చెవి డాక్టరు. కర్ణభేరి చిట్లింది. చెంప మీద గట్టిగా కొడితే తప్ప ఇలా చిట్లదని ఆయనే ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. మర్నాడు కార్యదర్శి బొమ్మలమ్మాయి పక్కన కూర్చుని, ఇన్నేళ్ళూ బయటివాళ్ళనే అడుగుతూ వచ్చిన ఆ ప్రశ్న అడిగింది. బొమ్మలమ్మాయి చాలాసేపు తన బొటనవేలి గోటికంటిన రంగు గీక్కుంటూ కూర్చుని, "నన్ను అక్కడికి పంపుతారా?" అంది. సంఘం మొదలయ్యాక ఒక డాక్టరు భార్య పుట్టింటికి వెళ్ళడం అదే మొదలు.

కార్యదర్శి, పెద్దక్క ఒకే ఆటోలో అక్కడికి చేరారు. ఎముకల డాక్టరు మెట్ల మలుపులో నిలబడి ఉన్నాడు. పెద్దక్కని చూసి చేతులు జోడించాడు.

"నమస్కారం అక్కయ్యా. ఏటా మీ సంఘానికి చందా ఇచ్చేది నేనే కదా. అది ఇందుకు వాడుతున్నారని తెలీలేదు."

"వెళ్ళిరా నాయనా," అంది పెద్దక్క.

"నా భార్యతో రెండు మాటలు..."

"వెళ్ళిరమ్మన్నాను. లేకపోతే ఈ మెట్లమీదే కూర్చుని, వచ్చేపోయేవాళ్ళందరికీ నువ్వెందుకొచ్చావో చెబుతాను. నాకు మోకాళ్ళ నొప్పులు, కూర్చున్నానంటే ఇక లేవను."

ఆయన నవ్వాడు. పళ్ళ సంచీ జాగ్రత్తగా గుమ్మం పక్కన పెట్టాడు. దిగిపోతూ కార్యదర్శి వైపు చూసి, "మీవారిని అడిగానని చెప్పండి" అన్నాడు. అది మామూలుగా ఎవరైనా అనే మాటే. ఆవిడ పట్టించుకోలేదు.

సాయంత్రంలోపు బొమ్మలమ్మాయిని పెద్దక్క తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. ఇక ఆ వాటా పనికిరాదు. ఎన్నో ఏళ్ళ పుట్టిల్లు ఒక్క పూటలో ఖాళీ అయింది.

మర్నాడు ఆసుపత్రి వెనక, మందుల గోడౌను పక్కనున్న సంఘం గదిలో కూర్చున్నారు. పెద్దక్క, కార్యదర్శి, మత్తు డాక్టరుగారి భార్య, ఆయా, మాస్టారు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. అందరూ మాట్లాడుతున్నది ఒకళ్ళతో ఒకళ్ళు, చూస్తున్నది మాత్రం మాస్టారి వైపు. ఆయన మెడలో విజిల్ వేలాడుతూనే ఉంది, బళ్ళోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"నేను చెప్పలేదండీ," అన్నాడు చివరికి, ఎవరూ అడక్కుండానే.

"మిమ్మల్నెవరూ ఏమీ అనలేదే," అంది కార్యదర్శి.

"అనకపోతే అందరూ నా వైపే చూస్తారెందుకండీ?"

మత్తు డాక్టరుగారి భార్య కల్పించుకుంది. "మాస్టారూ, పొరపాట్న ఎక్కడైనా అన్నారేమో గుర్తు తెచ్చుకోండి. మగవాళ్ళు నలుగురు చేరినప్పుడు మాట దొర్లుతుంది, అందులో వింతేముంది?"

"మగవాళ్ళు నలుగురు చేరినప్పుడు నన్ను పిలవరండీ. నేను ఆడవాళ్ళ సంఘంలో ఉన్నానని వాళ్ళకి నవ్వులాట."

ఆయన ఆ మాట హాస్యానికే అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు. ముందు పిల్లని చూసుకుందాం, ఈ సంగతి తర్వాత తేలుద్దాం అని పెద్దక్క మీటింగు ముగించింది.

కార్యదర్శి మాత్రం అక్కడితో వదల్లేదు. ఆ వారమంతా ఆవిడ కన్ను మాస్టారి మీదే ఉంది. ఆయన ఫోనొస్తే లేచి బయటికెళ్ళి మాట్లాడుతున్నాడు. ఇదివరకు సంఘం గదికి ముందొచ్చి కుర్చీలు వేసేవాడు, ఇప్పుడు అందరూ వచ్చాక వచ్చి అంచున కూర్చుంటున్నాడు. ఒకరోజు ఆవిడ భర్తకి కళ్ళజోడు ఇవ్వడానికి ఆసుపత్రికెళ్ళి, కాంటీను పక్కనుంచి వస్తూ చూసింది. మూల బల్ల దగ్గర మాస్టారు, ఆయన ఎదురుగా ఎముకల డాక్టరు. ఎముకల డాక్టరు చెయ్యి చాచి మాస్టారి భుజం తట్టాడు. మాస్టారు తలొంచుకుని ఉన్నాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే కాస్త సంతోషం కూడా ఉంది, తన అనుమానం నిజమైనందుకు.

ఆ సాయంత్రం బడి మైదానానికి వెళ్ళింది. పిల్లలు వెళ్ళిపోయారు. మాస్టారు సున్నపు గీతలు వేస్తున్నాడు. ఆవిణ్ణి చూసి డబ్బా కింద పెట్టాడు.

"మధ్యాహ్నం కాంటీన్లో చూశాను మిమ్మల్ని," అంది ఆవిడ, కూర్చోమన్నా కూర్చోకుండా.

"చూసే ఉంటారనుకున్నాను."

"ఇంకా బొంకుతారా?"

మాస్టారు చేతులకంటిన సున్నం దులుపుకున్నాడు. "ఆయన నన్ను పిలవడం అది మొదటిసారి కాదండీ. బొమ్మలమ్మగారు పుట్టింటికి వెళ్ళిన మూడోనాడే పిలిచాడు. మా ఆవిడ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఆ కమిటీలో ఆయనున్నాడు. మొదట అది చేయిస్తానన్నాడు. కాదంటే, ఆవిడ మీద ఫిర్యాదులున్నాయన్నాడు. ఇవాళేమో భుజం తట్టి, ఇప్పుడెక్కడ దాచారో కనుక్కో అన్నాడు. నేను చెప్పలేదు, చెప్పను."

"ఇంత జరిగితే మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవారా?" ఆయన గొంతులో మొదటిసారి విసురు వినబడింది. "మీరు నాకు టీ ఇవ్వాలన్నా కప్పు బల్లమీద పెట్టి వెనక్కి జరుగుతారు. ఆయన నన్ను కలిశాడని నోరు విప్పితే, ఆ కలవడమే నా మెడకి చుట్టుకునేది. ఇప్పుడు చుట్టుకోలేదూ?"

ఆవిడ చూపు సున్నపు డబ్బా మీదికి మళ్ళింది.

"ఒక్క సంగతి చెబుతాను, వినండి," అన్నాడు మాస్టారు కాస్త తగ్గి. "ఆయన మొదట పిలిచినప్పుడు, ఆ ఇల్లు ఎక్కడ అని అడగలేదండీ. 'ఎన్నో అంతస్తు?' అని అడిగాడు. మేడ ఏదో ఆయనకి అప్పటికే తెలుసు. నేను గ్రిల్లు పెట్టించినవాణ్ణి. చెప్పేవాణ్ణే అయితే అంతస్తుతో సహా చెప్పనా? ఎవరో ఆ మేడని వీధిలోంచి చూసినవాళ్ళు చెప్పారండీ. లోపలికి వెళ్ళనివాళ్ళు."

ఆవిడ ఇంకేమీ అనకుండా తిరిగి వచ్చేసింది. మైదానం దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ రోజు ఫోను గుర్తొచ్చింది. ఎముకల డాక్టరు ముందు కింద తలుపు కొట్టాడు, తర్వాత మధ్య వాటా తలుపు కొట్టాడు. ఆయా ఫోన్లో చెప్పిందదే. అంతస్తు తెలీకే కదా, ఒక్కో తలుపూ కొట్టుకుంటూ వచ్చాడు.

వీధిలోంచి చూసినవాళ్ళు.

బొమ్మలమ్మాయి పుట్టింటికి వెళ్ళిన మర్నాడు జోరుగా వాన పడింది. చెవిలో వేసే మందు ఇచ్చి రావాలి. ఆటోలు దొరకలేదు. భర్త తన కారులో దింపుతానన్నాడు. వీధి మొదట్లోనే ఆపించి, ఇక మీరు వెళ్ళండని చెప్పి, గొడుగేసుకుని పరిగెత్తింది. మేడ మెట్లెక్కుతూ వెనక్కి చూస్తే కారు ఇంకా అక్కడే ఉంది. తడవకుండా లోపలికి చేరిందో లేదోనని చూస్తున్నాడని అనుకుని, మనసులో మురిసిపోయింది కూడా.

అలా జరిగి ఉండదని తనకి తాను చెప్పుకుంది. ఆయన ఎవరి జోలికీ పోయే మనిషి కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో గొంతు పెంచి మాట్లాడింది లేదు. పిల్ల చదువుకుని ఉద్యోగానికి వెళ్ళేదాకా టిఫిను డబ్బా ఆయనే కట్టేవాడు. అటువంటి మనిషిని అనుమానించడానికి నోరెలా వస్తుంది? మాస్టారు తెలివైనవాడు, తన మీది నింద ఇంకొకరి మీదికి తోస్తున్నాడు. ఇలా అనుకుంటూనే ఆవిడ ఇంట్లో భర్తని గమనించడం మొదలుపెట్టింది. ఆయన పేపరు చదువుతుంటే వంటింటి గుమ్మంలోంచి చూసేది. ఫోన్లో మాట్లాడుతుంటే స్టవ్వు తగ్గించేది. బొమ్మలమ్మాయి సంగతి ఆయన ఒక్కసారీ అడగకపోవడం ఆవిడకి గుచ్చుకుంది. చెవి ఎలా ఉందని డాక్టరుగా అయినా అడగాలి కదా? అడగని మనిషికి అంతా తెలిసే ఉండాలి.

అడిగేస్తే పోయేదానికి ఆవిడ అడగలేదు. జవాబు వినడం ఇష్టం లేక.

తర్వాతి మీటింగులో మత్తు డాక్టరుగారి భార్య కుండ బద్దలు కొట్టింది. "మాస్టారూ, మీ మీద నాకు కోపం లేదు. కానీ మీరుంటే మేము నోరు విప్పి మాట్లాడుకోలేకపోతున్నాం. కొన్నాళ్ళు దూరంగా ఉండండి." మాస్టారు సరేనన్నట్టు తలాడించాడు. ఆయాని అడిగితే, పెద్దవాళ్ళు ఎలా అంటే అలా అంది. పెద్దక్క కార్యదర్శి వైపు తిరిగింది.

"నువ్వేమంటావు? మొదట్నుంచీ అంటున్నది నువ్వే కదా."

మాస్టారు తలెత్తి ఆవిణ్ణి చూశాడు. ఆయన మైదానంలో చెప్పింది ఎవరికీ చెప్పలేదని, ఇప్పుడు కూడా చెప్పబోవడం లేదని ఆవిడకి అర్థమైంది. చెప్పాల్సింది తనే.

"ఒక్కరోజు ఆగండి," అంది. "రేపు చెబుతాను."

ఇంటికొచ్చేసరికి భర్త బల్ల దగ్గర కూర్చుని పండు తొక్క తీస్తున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, ఆ మేడ సంగతి ఎముకల డాక్టరుగారికి చెప్పింది మీరేనా?"

ఆయన తొక్క తీయడం ఆపలేదు. "వాడు నిన్ను ఏమైనా అన్నాడా?"

"అడిగినదానికి చెప్పండి."

"చెప్పాను," అన్నాడు, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "డ్యూటీ రూములో నా ముందు ఏడ్చాడు. అంత పెద్ద మనిషి వెక్కివెక్కి ఏడిస్తే చూడలేకపోయాను. కాళ్ళమీద పడి క్షమాపణ చెప్పుకుంటానన్నాడు. ఫలానా వీధిలో మూడంతస్తుల మేడ అని మాత్రం అన్నాను. నేను లోపలికి వెళ్ళానా, పెట్టానా? మొగుడూపెళ్ళాలు మాట్లాడుకుంటే సర్దుకుంటుందనుకున్నాను. తప్పేముంది అందులో?"

"ఆ చెవి చూసింది మీరే కదండీ. చెంప మీద కొడితే తప్ప అలా చిట్లదని నాతో అన్నది మీరే కదా."

"అన్నాను. ఒకసారి చెయ్యి జారింది, బుద్ధొచ్చింది. అంతమాత్రాన కాపురం తెంచుకుంటారా? ఏ ఇంట్లో లేదు ఇది?"

"మన ఇంట్లో లేదు."

"లేదు కదా మరి."

"నేనిన్నాళ్ళూ అది ఏ ఇంట్లోనూ ఉండకూడని సంగతి కాబట్టి మన ఇంట్లో లేదనుకున్నాను. మీరు చెబుతుంటే, ఏదో మీ దయవల్ల లేనట్టు వినబడుతోంది."

ఆయనకి ఆ మాట అర్థమైనట్టు లేదు. ముక్కలు కోసిన పళ్ళెం ఆవిడ ముందుకి జరిపాడు. "తిను. అలిసిపోయి వచ్చావు." ఆ మాటలో ప్రేమే ఉంది. అందుకే ఆవిడకి మరీ భయమేసింది.

మర్నాడు సంఘం గదిలో ఆవిడ లేచి నిలబడి చెప్పింది. "మాట వెళ్ళింది మా ఇంట్లోంచే. వానలో కారులో వెళ్ళి వీధి చూపించింది నేను, చెప్పింది ఆయన. మాస్టారికి దీంతో ఏ సంబంధమూ లేదు. ఎముకల డాక్టరు బెదిరించినా ఆయన పెదవి కదపలేదు." తర్వాత మాస్టారి వైపు తిరిగింది. మాస్టారు లేచి మంచినీళ్ళు పోసి గ్లాసు అందించాడు. ఆవిడ ఆయన చేతిలోంచే తీసుకుని తాగింది.

మత్తు డాక్టరుగారి భార్య నెమ్మదిగా అంది, "మా ఆయనకి చెప్పలేదు నేను. కానీ అడిగి ఉంటే ఆయనా ఇలాగే అనేవాడేమో. నాకు తెలీదక్కా. తెలీదన్న సంగతే ఇప్పుడు తెలిసింది."

"మనమందరం ఒకటి చెయ్యాలి," అంది పెద్దక్క. "ఆ గుమ్మం దగ్గర కూర్చుని ఎంతమందిని అడిగాం ఆ ప్రశ్న. మనలో ఒకళ్ళని ఒకళ్ళం ఎప్పుడైనా అడిగామా? డాక్టర్ల ఇళ్ళు కదా, అక్కడెందుకుంటుందిలే అనుకున్నాం. మొదట నన్నడగండి."

ఎవరూ అడగలేకపోయారు. చివరికి ఆయా అడిగింది. "పెద్దమ్మగారూ, మీ ఇంట్లో మీకు ఎవరివల్లనైనా భయముందా?"

"ఇప్పుడు లేదు," అంది పెద్దక్క. సర్జనుగారు పోయి చాలాకాలమైందని అందరికీ తెలుసు. ఎవరూ తరిచి అడగలేదు, ఆవిడా ఇంకేమీ చెప్పలేదు.

సంఘంలో సభ్యులందరినీ ఒక్కొక్కరినే అడగడం ఆ నెలలో మొదలైంది. కొందరు నవ్వారు, కొందరు కోపగించుకుని సంఘం మానేశారు. ఇద్దరు మాత్రం తలుపు వేసి రమ్మన్నారు.

బొమ్మలమ్మాయి పెద్దక్క ఇంట్లో కొన్నాళ్ళుండి, దూరపు ఊళ్ళో ఉన్న తన అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ బళ్ళో డ్రాయింగు టీచరుగా కుదిరిందని తెలిసింది. వెళ్ళేముందు చెవి డాక్టరు ఒకసారి కలిసి క్షమాపణ చెప్పుకుంటానని కబురంపాడు. ఆమె వద్దంది. ఎముకల డాక్టరు మీద ఆసుపత్రి పెద్దలు ఏమీ చెయ్యలేదు, ఇంటి గొడవ మాకెందుకన్నారు. పిల్లల డాక్టరమ్మ తన ఉద్యోగం సంగతి పక్కనపెట్టి, కాంటీన్లో తన భర్తతో ఆయనన్న మాటలన్నీ పై అధికారులకి చెప్పింది. అప్పుడు ఎముకల డాక్టర్ని కమిటీలోంచి మాత్రం తీసేశారు. కొన్ని నెలలకి ఆయనే ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజున వీడ్కోలు విందుకి చాలామంది వెళ్ళారు. చెవి డాక్టరు కూడా వెళ్ళాడు.

కొత్త పుట్టిల్లు వెతికే పని వచ్చినప్పుడు కార్యదర్శి, "నాకు చెప్పకండక్కా" అంది.

"నీకు చెప్పకపోవడమేమిటే? ఇదంతా కట్టుకొచ్చింది నువ్వు."

"ఆయన అడిగితే చెప్పననే అనుకుంటాను. కానీ ఆయన ఏడిస్తే? పడుకుని ఉన్నప్పుడు నేను కలవరిస్తే? వద్దు. ఫోను చూసుకుంటాను, బళ్ళకి వెళ్తాను. ఆ ఇల్లు మాత్రం వద్దు."

పెద్దక్క ఒకసారి ఆవిడ ముఖంలోకి చూసి, సరేనంది. చోటు వెతికింది మాస్టారు, పిల్లల డాక్టరమ్మ.

భర్తతో కార్యదర్శి మాట్లాడడం మానలేదు. వండుతుంది, వడ్డిస్తుంది, పిల్ల ఫోను చేస్తే ఇద్దరూ చెరో పక్కనా కూర్చుని మాట్లాడతారు. ఆయన మాత్రం అప్పుడప్పుడూ, "ఇంకెన్నాళ్ళే ఇలా? నేనేమైనా నిన్ను కొట్టానా, తిట్టానా?" అంటాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆవిడ ఆ మాటే తనకి తాను చెప్పుకుంటుంది. అయినా ఆయన కారు హారను వీధి చివర వినబడగానే బల్లమీదున్న కాగితాలు సొరుగులోకి తోసేస్తుంది. అవి కరెంటు బిల్లులైనా సరే.

ఒక సాయంత్రం సంఘం గదిలో ఒక్కతే ఉండగా ఫోను మోగింది. అవతల చిన్న గొంతు, వెనక బస్సుల రొద.

"అక్కడ ఆడవాళ్ళకి ఉండడానికి చోటుందన్నారు. నిజమేనా అండీ?"

"నిజమేనమ్మా."

"ఎక్కడండీ అది?"

"నాకు తెలీదు. తెలిసినావిడ ఒకరొచ్చి తీసుకెళ్తారు."

అవతల బస్సు ఒకటి వెళ్ళిపోయిన చప్పుడు. "మీకే తెలీని చోటికి నన్ను రమ్మంటున్నారా?"

"అవునమ్మా," అంది కార్యదర్శి. "నాకు తెలీదు కాబట్టే రమ్మంటున్నాను."

ఆ అమ్మాయి నమ్మిందో లేదో తెలీదు. కాసేపటికి, తను నిలబడ్డ బస్టాపు ఎదురుగా ఏమేం కొట్లున్నాయో ఒక్కొక్కటే చదివి చెప్పడం మొదలుపెట్టింది.